బీరువాలో పెట్టిన పెట్టె

మాది నరసాపురం దగ్గర పల్లె. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే ఫోన్లకు మెసేజ్ వచ్చేలా కిందటేడు రైతులందరం గట్ల మీది స్తంభాలకు సెన్సర్ పెట్టెలు పెట్టించుకున్నాం. నేను రొయ్యలు పట్టేసి చెరువు ఎండగట్టాక, వానకు పాడవుతుందని నా పెట్టె విప్పి తెచ్చి బీరువాలో దాచాను.

మర్నాడు పొద్దున్నే మా పెదనాన్నగారి కొడుకు సత్యం అన్నయ్య వచ్చాడు. పక్క చెరువు ఆయనదే. గట్టు తగాదాతో ఆరేళ్లుగా మాకు మాటల్లేవు.

"నీ పెట్టె ఏదిరా?"

"బీరువాలో ఉంది. నా చెరువులో నీళ్లే లేవు కదా."

"నా పెట్టె పంపే కబురు నీ పెట్టె అందుకుని రోడ్డు పక్క షెడ్డులో ఉన్న ఇంటర్నెట్ పెట్టెకి పంపాలంటరా. అది లేక నాకు మెసేజే రాలేదు. ఊపిరాడక రొయ్యలు పైకి తేలాయి."

పెట్టె పట్టుకుని పరుగెత్తాను. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు అప్పటికే తిరుగుతున్నాయి. గట్టు మీద రెండు బుట్టల నిండా చచ్చిన రొయ్యలున్నాయి. మిగతావి బతికాయి. ఎండిన చెరువు గట్టున నేను పెట్టె బిగిస్తుంటే అన్నయ్య నిచ్చెన పట్టుకున్నాడు.

ఇప్పటికీ మాకు మాటల్లేవు. ఆయన చెరువు కబురు మాత్రం రోజూ నా గట్టు మీదుగానే వెళ్తోంది. మొన్న వానలో వెళ్లి చూస్తే, నా పెట్టె మీద రొయ్యల మేత సంచి కప్పి తాడుతో కట్టి ఉంది. ఈ పంటకు నేను మేతే కొనలేదు.