ఆరో గడిలో జుమ్మా

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినవాడి గురించి మీరు వినే ఉంటారు. నేను అంతకన్నా ఘనుణ్ణి. ఒక పెళ్లి మీదికి ఇంకో పెళ్లినే పంపించాను. అదీ పాతబస్తీలో, పట్టపగలు, రెండు బ్యాండు మేళాలతో. చెప్పుకుంటే సిగ్గుచేటు. అయినా చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మలక్‌పేటలో ఒక చిన్న కంపెనీలో డిజైనర్ని. మెయిళ్లు, ఆఫీసంతా కలిసి చూసుకునే క్యాలెండరు, చిరునామాలు, అన్నీ బ్రౌజర్లోనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ మాది. దాని ముఖం మార్చే పని నాకు అప్పగించారు. కోతికి కొబ్బరికాయ దొరికింది. బటన్ల మీది మాటలు పీకేసి బొమ్మలు పెట్టాను. తారీఖుల అంకెల్ని చీమ తలంత చేసి, వందసార్లు ఉతికిన బనీను రంగు వేశాను. ఆదివారంతో మొదలయ్యే వారాన్ని సోమవారంతో మొదలుపెట్టాను. ఎందుకంటారా? విదేశాల్లో అలాగే ఉంటుందని ఎక్కడో చదివాను.

ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో పాతబస్తీ ఫంక్షన్ హాలు ఒకటి ఉండేది. దాని మేనేజరు ఖాజా చాచా. ఇరవై ఏళ్లుగా హాలు తాళాలు ఆయన నడుముకే వేలాడుతున్నాయి. కొత్త తెర చూపించడానికి వెళ్తే ముందు చాయ్ తాగించి, తర్వాత అడిగాడు.

“బేటా, అన్నీ పాత జాగలనే ఉన్నయా?”

“ఉన్నయి చాచా. జర సాఫ్ చేసినం, గంతే.”

“నాకు కండ్లు సక్కగ కనిపిస్తలేవు. జాగ మారితే ముందుగాల్నే చెప్పు.”

“నువ్వేం ఫికర్ జెయ్యకు.”

ఆయన పక్కన కూర్చుని ఎలా వాడతాడో ఒక్కసారి చూసి ఉంటే ఈ కథే లేదు. చూడలేదు. చాయ్ మాత్రం రెండోది కూడా తాగాను.

నెల తిరిగాక ఒక శుక్రవారం పొద్దున చాచా ఫోన్ చేశాడు. “జల్ది రా బేటా. ఈడ మస్తు లొల్లి అయితుంది.”

వెళ్లేసరికి హాలు ముందు రెండు బ్యాండ్లు పోటీపడి వాయిస్తున్నాయి. లోపల గుడిమల్కాపూర్ పూల వ్యాపారి ఒకాయన కూతురి పెళ్లికి మండపమంతా బంతిపూలు కట్టించేశాడు. వెనక వంటశాలలో ఇంకో పెళ్లివాళ్ల, అంటే నికాహ్‌వాళ్ల, బిర్యానీ గుండిగలు పొయ్యెక్కాయి. మధ్యలో హాలు యజమాని యాదగిరి సేటు తల పట్టుకుని కూర్చున్నాడు.

“ఖాజా, క్యాలెండర్ల నికాహ్ ఎక్కించినవా లేదా?” అన్నాడు సేటు.

“ఎక్కించిన సేట్. జుమ్మా నాడే. ఎడమ దిక్కు నుంచి ఆరో గడి. మొదటి సంది గట్లనే ఎక్కిస్తున్న.”

“మరి నా ఫోన్ల జుమ్మా ఖాళీ చూపెట్టె గదా. అందుకే పూలాయనకు ఇచ్చిన.”

పాత తెరలో ఆరో గడి శుక్రవారం, అంటే జుమ్మా. నేను వారాన్ని జరిపాక ఆరో గడి శనివారం అయింది. చాచా చదవడు, గళ్లు లెక్కపెడతాడు. చదువుదామన్నా నా బనీను రంగు అంకెలు డేగ కంటికి కూడా ఆనవు.

సేటు నా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. తప్పు మెషిన్‌దా, మనిషిదా?”

పాఠకులారా, ఇక్కడ మీరు కాసేపు కళ్లు మూసుకుంటే మీకు పుణ్యముంటుంది.

“మెషిన్ తప్పు చెయ్యదు సార్,” అన్నాను.

చాచా నడుముకున్న తాళాల గుత్తి విప్పి సేటు ముందు పెట్టాడు. “అయితే గల్తీ నాదే సేట్. కండ్లు పోయినయి. వేరెటోన్ని పెట్టుకోండ్రి.”

నాకు తల కొట్టేసినట్టయింది. గుమ్మం దాకా నడిచిన ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, సేటుకు అంతా కక్కేశాను. సోమవారం, విదేశాలు, బనీను రంగు, ఏదీ దాచలేదు.

సేటు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. “నీ అసొంటోనికి జీతం ఇచ్చేటోడెవడు?” అంటూనే గుత్తి తెచ్చి చాచా చేతిలో పెట్టాడు.

చాచా పది నిమిషాల్లో ఇద్దరు తండ్రుల్నీ కూర్చోబెట్టి ఒప్పించాడు. పదకొండుకు లగ్నం, పన్నెండున్నరకు భోజనాలు, మూడింటికి నికాహ్. మధ్యలో హాలు ఊడ్చి, మూడు వందల కుర్చీలు తిప్పి వేసేదెవరు? మీరనుకున్నవాడే. రెండు పెళ్లిళ్ల ఆల్బముల్లోనూ ఉన్నాను, తల దించుకుని, చేతిలో కుర్చీతో. అలిగిన అల్లుడేమోనని రెండు వైపుల వాళ్లూ బతిమాలి తినిపించబోయారు.

చివరికి చాచా దగ్గర కూలబడి, “మాఫ్ చెయ్యి చాచా,” అన్నాను.

“గడి జరిపినందుకు నాకేం కోపం లేదు బేటా. అందరితోని అయితది.” భుజం మీది తువ్వాలు నా చేతికిచ్చి చెమట తుడుచుకోమన్నాడు. “నువ్వన్న మాట గుడ నిజమే. మెషిన్ తప్పు చెయ్యలే. అబద్ధం గుడ చెప్పలే.”

ఆ తువ్వాలుతో మొహం కప్పుకున్నాను గానీ, తుడుచుకున్నది చెమట ఒక్కటే కాదు.

కావున యావన్మందికీ తెలియజేయడమేమనగా, వాడే మనిషి పక్కన కూర్చుని చూడకుండా ఇకమీదట ఏ గడినీ వెంట్రుకవాసి కూడా జరపను. ఒకవేళ జరిపితే, జరిపింది నేనేనని ఎవరూ అడగకముందే ఒప్పుకుంటాను.