మూడేళ్ళ తేడా

పదకొండేళ్ళు ఉత్తరం ముక్క రాయని మనిషి ఒకే నెలలో రెండు కార్డులు రాశాడంటే, అతనికి కావలసింది ఏదో మన దగ్గర ఉందన్నమాట. రెండో కార్డు చేతికందిన రోజే నేను ఈ లెక్క వేసుకున్నాను.

"సోమవారం పొద్దుటి బండికి గుడివాడలో దిగుతాను. స్టేషనుకు రా. ఇద్దరం బందరు వెళ్ళి, అక్కణ్ణుంచి మనూరు పోదాం. వారం రోజులు ఖాళీ పెట్టుకో." అంతే రాశాడు. భార్య ఎలా ఉందో, తను ఎలా ఉన్నాడో లేదు. కుశలం రాయని కార్డులో పని ఉంటుంది.

మాది దివిసీమలో ఒకే ఊరు. మా ఇల్లు ఊళ్ళో, వాళ్ళ ఇల్లు క్రైస్తవుల పేటలో. పేటలోని మిషను బడిలో నాలుగేళ్ళు ఒకే చాప మీద కూర్చున్నాం. ఆ తర్వాత నా చదువు ఆగింది. అతను ఇంకా చదివి, నాగపూరు అవతల ఒక రైలు కార్ఖానాలో కుదిరాడు. నేను గుడివాడ చేరి కాలవ పనుల్లో మట్టి కొలిచేవాణ్ణయ్యాను. ఘనపుటడుగులు, వాలు కట్టలు, వంకర గుంటలు అన్నీ సొంతంగా నేర్చుకున్నవే. గుంట తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. ఎంత లోతు తవ్వారో దాన్ని కొలిచి చెప్పాలి. దాని నెత్తిన గడ్డిపెళ్ళ అతికించి ఎత్తు పెంచేవాళ్ళుంటారు. పాతికేళ్ళు దిమ్మెల నెత్తి తట్టి చూసిన చెయ్యి మనుషుల్ని తట్టి చూడకుండా ఉండలేదు. నేను సంతకం పెట్టిన కొలతను బందరు కోర్టులో కూడా మళ్ళీ కొలిపించేవారు కాదు. నాకున్న ఆస్తి అదొక్కటే.

ఆ సోమవారం మంచు బాగా పట్టింది. బండి గంటా పది నిమిషాలు ఆలస్యం. ఉన్ని కోటు వేసుకుని, చిన్నప్పటిలాగే నాకంటే జానెడు పొడుగ్గా దిగాడు.

"ఏరా, ముసలాడివైపోయావే," అన్నాడు.

"నువ్వు కాలేదా?"

"నేనెంత ముసలాణ్ణో తేల్చుకోడానికే వచ్చాను."

నవ్వుతూనే అన్నాడు గాని, కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. సంచిలోంచి తోలు పెట్టెలో చుట్టిన యాభై అడుగుల టేపు తీసి నా చేతిలో పెట్టాడు. మంచి సరుకు. పదకొండేళ్ళ తర్వాత వచ్చేవాడు మిఠాయి తెస్తాడు, తువ్వాలు తెస్తాడు. నా పనిముట్టు ఎందుకు తెచ్చాడు? పుచ్చుకున్నాను గాని పెట్టె మూత తెరవలేదు.

బందరు బండిలో కిటికీ పక్కన కూర్చున్నాక అసలు సంగతి చెప్పాడు. కార్ఖానా కాగితాల్లో అతనికి యాభై అయిదు నిండబోతున్నాయి. జూన్‌లో ఇంటికి పంపిస్తారు. నిజానికి తనకు యాభై రెండేనట. కొత్త సంవత్సరం మొదటి వారం లోపల, ఊరెరిగిన పెద్దమనిషి ఎవరైనా కోర్టులో ప్రమాణం చేసిన కాగితం దాఖలు చేస్తే వయసు దిద్దుతారట.

"నీకు యాభై రెండని ఎవరు చెప్పారు?"

"అమ్మ."

"మీ అమ్మ పోయి ఇరవై ఏళ్ళు."

"పోకముందే చెప్పిందిలే. నీకెన్ని?"

"యాభై రెండు. నాకు జాతకచక్రం ఉంది."

"మరింకేం? మనిద్దరం ఒక ఈడు."

"ఒక తరగతి. ఒక ఈడని ఎవరన్నారు?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. కోతలైన చేలల్లో వరి కుప్పలు, వాటి మధ్య మినప మొలక పచ్చగా ఉంది. ఆ చేల వైపు చూస్తూనే భార్య సంగతి చెప్పాడు. గుండె జబ్బు. నెలకు రెండుసార్లు రైలు ఆసుపత్రిలో చూపించాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ మందు, ఆ క్వార్టరు. మూడేళ్ళంటే తనకు జీతం కాదు, ఆవిడకు మూడేళ్ళు అన్నాడు. నాకు జాలి వేసింది. వెంటనే, జాలి వేసేలా చెప్పాడు గదా అనిపించింది. బళ్ళో చేరేనాడు మాస్టారు చెయ్యి తల మీదుగా తీసి చెవి అందుకోమన్నారు. నాకందలేదు, వాడికి తేలిగ్గా అందింది. అది కూడా గుర్తొచ్చింది.

బందరులో వకీలుగారి గుమాస్తా అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. స్టాంపు కాగితం మీద అంతా రాసేశారు, నా పేరు దగ్గర ఖాళీ వదిలారు. నన్నడక్కుండా నా పేరుకు చోటు వదలడం నాకు నచ్చలేదు.

"ఇక్కడండీ. ఇప్పుడు పెట్టేస్తే నాలుగింటికల్లా ప్రమాణం అయిపోతుంది," అన్నాడు గుమాస్తా. "శుక్రవారం సాయంత్రంతో క్రిస్మసు సెలవులిస్తారండి. మళ్ళీ కొత్త సంవత్సరంలోనే."

కాగితంలో 'నాకు స్వయంగా తెలిసినంతవరకు' అని ఉంది. స్వయంగా నాకు తెలిసింది ఏమీ లేదు.

"ఊరెళ్ళి చూసొచ్చి పెడతాను," అన్నాను.

"ఏం చూస్తావురా? నేను చెప్తున్నాను గదా," అన్నాడు నా స్నేహితుడు.

"నువ్వు చెప్తున్నావు కాబట్టే చూడాలి. ఇంకెవడో అయితే రానే రాను."

గుమాస్తా కలం మూత పెట్టుకున్నాడు. మా వాడు కోటు గుండీలు రెండు విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

మంగళవారం బస్సులో చల్లపల్లి దాకా, అక్కణ్ణుంచి కృష్ణ పాయ దాటి, ఒంటెద్దు బండి మీద ఊరు చేరాం. దారిలో తేగలు కొని ఒలిచి ఇచ్చాడు. నేను తింటూ, ఈ మనిషి ఇంత మర్యాద ఎన్నడు చేశాడని ఆలోచించాను. పేటలో వాళ్ళ ఇంట్లో ఇప్పుడు అతని పిన్నమ్మ ఒక్కతే ఉంటోంది, డెబ్బై దాటిన మనిషి. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, తను ముందు లోపలికి వెళ్ళాడు. తడిక చాటున గుసగుసలు వినబడ్డాయి. చాలాసేపే మాట్లాడుకున్నారు. బయటికొచ్చేసరికి ఆవిడ భుజాల మీద కొత్త శాలువా ఉంది. ఇక ఈవిడ సాక్ష్యం పనికిరాదని మనసులో కొట్టేశాను.

"ఇదిగో," అన్నాడు పెరట్లోకి తీసుకెళ్ళి. "అమ్మ నేను పుట్టిన నెలలో నాటిన చెట్టు. దీన్ని అడుగు నా వయసు."

ఎత్తయిన కొబ్బరి చెట్టు. అతను మాటవరసకు అన్నాడు. నేను నిజంగానే అడుగుదామనుకున్నాను. కొబ్బరిమట్ట రాలినచోటల్లా మాను మీద ఒక గీత మిగులుతుంది. బడి వాకిట్లో ఇంకో కొబ్బరి ఉంది. బడి కట్టిన ఏడాదే నాటారని ఊరందరికీ తెలుసు. గోడ రాతి మీది సంవత్సరాన్ని బట్టి దాని వయసు నలభై ఆరు. వయసు తెలిసిన చెట్టుతో తెలియని చెట్టును పోలిస్తే తేలిపోతుంది.

బుధవారం పొద్దుపోయేదాకా అదే పని. కాయలు దించే మనిషి ఒకాయన పైనుంచి లెక్క పెడుతూ వంద గీతలకొక నార ముడి వేస్తూ దిగాడు. నేను కిందనుంచి లెక్క పెడుతూ ఆ ముడులతో సరిచూసుకున్నాను. 

"కాయలు లెక్కెట్టేవాళ్ళని చూశానుగానండీ, మచ్చలు లెక్కెట్టేవాళ్ళని చూళ్ళేదు," అన్నాడాయన. "కూలి మచ్చకింతా, చెట్టుకింతా?"

బడి చెట్టుకు నాలుగు వందల ముప్ఫై ఎనిమిది. మొదటి ఆరేళ్ళు మాను కట్టదు గనక తీసేస్తే, ఏడాదికి పదకొండు గీతలు. పెరటి చెట్టుకు మొదటిసారి అయిదువందల ఆరు, రెండోసారి అయిదువందల నాలుగు. అరవై ఏడు ఎక్కువ అనుకుంటే ఆరేళ్ళు. నలభై ఆరూ ఆరూ యాభై రెండు. ఏడాది అటూ ఇటూ కావచ్చుగాని మూడేళ్ళు తేడా రాదు.

"తేలిందిగా. రేపు పొద్దున్నే బయల్దేరదాం," అన్నాడు.

"చెట్టు వయసు తేలింది. బాప్తిస్మం పుస్తకం కూడా చూద్దాం."

అతని మొహం మారింది. అది నేను చూశాను. "అయ్యగారు ఊళ్ళో లేరు. శుక్రవారం గాని రారు," అన్నాడు. పాస్టరుగారు ఎప్పుడొస్తారో ముందే కనుక్కుని ఉంచాడంటే, ఆ పుస్తకం నా కంట పడకూడదనే అనుకున్నాను. గురువారమంతా ఉన్నాను. అతను మూడుసార్లు బస్సు వేళ చెప్పాడు. మూడుసార్లూ నేను వినలేదు.

శుక్రవారం పది దాటాక పాస్టరుగారు వచ్చి పుస్తకం తీశారు. పాత బైండు, సగం పేజీలు చెదలు తిన్నవి. మిగిలినవాటిలో పేరు దొరికింది. అతని పేరే, అతని తండ్రి పేరే. సంవత్సరం లెక్క కడితే యాభై అయిదు. బడిలో మాస్టారు వయసు రాసుకున్నది దీన్ని చూసేనని పాస్టరుగారు అన్నారు.

పుస్తకం పట్టుకుని ఆయన్ని కూడా పిన్నమ్మ వాకిట్లోకి తీసుకొచ్చాను. 

"ఇది నీకు తెలుసు," అన్నాను. "చెట్టు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ నాటి ఉంటారు. అందుకే చెట్టు చూపించావు, పుస్తకం చూపించలేదు. మూడేళ్ళ అబద్ధానికి నా సంతకం అడిగావు."

"ఉద్యోగంలో చేరేనాడు ఒకసారి చూశాను," అన్నాడు మెల్లగా. "అమ్మనడిగితే పుస్తకం తప్పు, నా మాట నిజం అంది. ఎందుకు తప్పో చెప్పలేదు. నీకేం చెప్పను?"

"నాకు చెప్పాల్సింది అదే."

పొయ్యి దగ్గర్నుంచి పిన్నమ్మ లేచొచ్చింది. "ఏంటయ్యా ఆ గోల? ఆ పుస్తకంలోవాడు వీడు కాదు."

"మరెవడు?" అన్నాను.

"మా అక్కకి తొలిచూలు. నడిచి తిరిగే పిల్లోడు, జొరమొచ్చి పోయాడు. మళ్ళీ వీడు పుట్టాక ఆ పేరే పెట్టింది. చచ్చినోడి పేరు వొద్దే అని అందరం మొత్తుకున్నాం. ఆ పేరు పిలవడం నోటికి అలవాటైపోయింది, మానుకోలేను అంది."

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం పిన్నీ?" అని అడిగాడు నా స్నేహితుడు.

"వాడి చెవిన పడెయ్యొద్దని ఒట్టేయించుకుంది. నన్నెవరన్నా అడిగారా?"

నేను శాలువా వైపు చూశాను. పాస్టరుగారు పుస్తకం వెనకనుంచి తిప్పి భూస్థాపనల పేజీ తీశారు. అదే పేరు, అదే తండ్రి, ఒక సంవత్సరం ఏడు నెలలు. చెదలు ఆ పేజీ అంచు వరకు వచ్చి ఆగాయి.

నా స్నేహితుడు ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. "ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు. తుపానుకు ఆనవాళ్ళు పోయాయని చెప్పింది పిన్నమ్మ. యాభై రెండేళ్ళు తనది కాని పేరు, బడిలో చేరిన్నాటి నుంచీ తనది కాని వయసు. ఆ లెక్క నేను వేశాను గాని పైకి అనలేదు.

అప్పుడు బయల్దేరినా కోర్టు మూసేలోగా బందరు చేరలేం. మధ్యాహ్నం కూర్చుని రెండు చెట్ల లెక్క, రెండు పేజీల వివరం నా చేత్తో రాసి సంతకం పెట్టాను. భోజనాల దగ్గర, మొన్న తడిక చాటున ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

"నువ్వు మనింట్లో తింటావా, ఊళ్ళో మీవాళ్ళింటికి పంపించాలా అని పిన్ని బాధ," అన్నాడు. "తింటాడే, వాడికి అనుమానం మనుషుల మీదేగాని అన్నం మీద లేదు అని చెప్పి ఒప్పించేసరికి అంతసేపు పట్టింది."

శనివారం పదకొండింటికి బందరు చేరాం. కోర్టు వరండాలో కుర్చీలు బోర్లించి ఉన్నాయి. గుమాస్తా ఇంటి దగ్గర దొరికాడు.

"నిన్న అయిదింటిదాకా మీ కోసం చూశామండీ. సోమవారమే చెప్పాను గదండీ."

ప్రమాణం చేయించగల అధికారులు ఇంకెవరున్నారని ఊరంతా తిరిగాం. ఒకరు క్యాంపులో ఉన్నారు, ఒకరు సొంతూరు వెళ్ళారు. మూడో ఆయన ఇంటికి తాళం. అతను మంగళవారం పనిలో ఉండాలి. ఆదివారం పొద్దున గుడివాడలో అతన్ని బండి ఎక్కించాను. ప్రమాణం లేని నా కాగితాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం ఎందుకు పెట్టలేదురా?" అని అడిగాడు, కోపం లేకుండా.

"తెలియనిదానికి పెట్టను."

"నేను చెప్పాను గదా."

"అదే."

బండి కదిలింది.

కోర్టు తెరిచిన రోజే ప్రమాణం చేసి, కాగితం రిజిస్టరు పోస్టులో పంపాను. అది చేరేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. గడువులో వచ్చిన కాగితానికి ప్రమాణం లేదు, ప్రమాణం ఉన్న కాగితం గడువులో రాలేదు అని ఆఫీసు జవాబిచ్చిందట. జూన్‌లో అతన్ని పంపించేశారు.

ఆగస్టులో ఉత్తరం వచ్చింది. పైన అడ్రసు మారింది. క్వార్టరు నెంబరు లేదు, ఏదో సందు పేరు ఉంది. భార్యను ధర్మాసుపత్రిలో చూపిస్తున్నానని, మునుపటి మందు అక్కడ దొరకడం లేదని, పిన్నమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు తను అడిగినట్టు చెప్పమని రాశాడు. నన్ను నిందించే మాట ఎక్కడైనా ఉందేమోనని నాలుగుసార్లు చదివాను. లేదు. ఎందుకు లేదా అని కూడా కొన్నాళ్ళు అనుమానించాను.