డా మ్యా పెరటి దారి

పొద్దున్నే రంగూన్‌లో మా సంచౌంగ్ వీధిలో పెప్యో అమ్మే ఆమె కేక వినిపిస్తుంది. వేయించిన ఉల్లిపాయ, ఉడికించిన బఠాణీ వాసన కిటికీలోంచి లోపలికి వస్తే నాకు ఆకలి కన్నా ముందు రమణ పిన్ని గుర్తొస్తుంది. ఆఫీసులో అందరికీ ఆవిడ డా రమణ, మా బాసు; బర్మీస్‌లో పెద్దావిడల పేరుకు ముందు గౌరవంగా 'డా' చేరుస్తారు. నాకు మాత్రం పిన్ని. చుట్టరికం ఏమీ లేదు. ఆవిడ తాతా మా తాతా ఇద్దరూ ఒకే రేవులో మూటలు మోసినవాళ్ళు, రంగూన్ తెలుగువాళ్ళకు ఆ మాత్రం చాలు. వీధులు నడిచి మ్యాపు గీసే రోజున పిన్ని ముందు పొట్లం పెప్యో తినేది, నాకూ తినిపించేది. ఖాళీ కడుపుతో నడిచేవాళ్ళు అడ్డదారులు గీస్తారని ఆవిడ నమ్మకం.

మా పని నగరంలో దారి చూపించే యాప్ తయారుచెయ్యడం. దానికి అడుగున ఉన్నది ఎవరైనా గీయగల, ఎవరైనా దిద్దగల ఉమ్మడి మ్యాపు. కొనుక్కునే మ్యాపుల్లో పెద్ద రోడ్లు బాగానే ఉంటాయి కానీ, చిమిండైంగ్ పేటలో ఏటి ఒడ్డున ఉండే సందులు ఉండవు. వాటిని మేమే నడిచి గీశాం. రోగుల్ని ఉచితంగా ఆసుపత్రికి చేర్చే అంబులెన్సు బృందం ఒకటి ఒక ఏడు మా యాప్ వాడతామని ముందుకొచ్చింది. చిమిండైంగ్‌లో ఒక సందు చివర ఊ తీన్ అనే పెద్దాయన ఊపిరి జబ్బుతో మంచాన ఉండేవాడు. వానాకాలంలో ఆయన ఇంటి ముందు రోడ్డు మునిగిపోతుంది. అప్పుడు స్ట్రెచర్ వెళ్ళడానికి వెనకనుంచి ఒక్కటే కాలిబాట.

ఆ బాటను ఎవరో చెరిపేశారు. నేను మళ్ళీ గీశాను. మర్నాటికి మళ్ళీ లేదు. చెరిపేవాళ్ళ ఖాతా ఎప్పుడూ ఒకటే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కదా, ఇలాంటి అల్లరివాళ్ళను అడ్డుకోమని మ్యాపు పెద్దలకు ఫిర్యాదు రాసి పిన్నికి చూపించాను. వానలు దగ్గరపడుతున్నాయి, ఒక మనిషి ప్రాణంతో ఆటలా అని కూడా రాశాను. పిన్ని నింపాదిగా చదివి కళ్ళజోడు తీసింది.

"ఎందుకు సెరిపేత్తన్నారో అడిగినావేటే?"

మ్యాపులోనే సందేశం పెట్టాను, జవాబు లేదన్నాను. అయితే ఇంటికే వెళ్దాం పదమంది. చెరిపేవాళ్ళ ఇల్లు ఎక్కడో మనకెలా తెలుస్తుందని అడిగితే, ఊరంతా వదిలేసి ఆ ఒక్క గీత మీదే అంత పట్టుదల ఉందంటే ఆ గీత పక్కనే ఉంటారని చెప్పింది.

అక్కడే ఉన్నారు. డా మ్యా, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆవిడ. మేం గీసిన కాలిబాట సరిగ్గా ఆవిడ పెరట్లోంచి పోతోంది. ఎన్నో ఏళ్ళుగా ఇరుగుపొరుగు అడిగి నడిచే దారి అది. మ్యాపులోకి ఎక్కాక భోజనం డెలివరీ మోటారు సైకిళ్ళు ఆవిడ మల్లె కుండీల మధ్యలోంచి దూసుకుపోవడం మొదలుపెట్టాయి. దారిన పోయేవాళ్ళు తాగడానికి గుమ్మం పక్కన పెట్టిన మంచినీళ్ళ కుండల్లో ఒకటి పగిలింది. ఎవరికి మొరపెట్టుకోవాలో తెలియక, చెరపడం తనే నేర్చుకుందట. పిన్ని ఊ తీన్ సంగతి చెప్పి, స్ట్రెచర్ వస్తే ఏం చేస్తారని బర్మీస్‌లో మెల్లగా అడిగింది. రోగిని మోసేవాళ్ళను తను ఎప్పుడు వద్దన్నానని డా మ్యా కాస్త నొచ్చుకుంది.

తిరిగి వస్తూ పిన్ని అంది: "గీత మనం గీసినాం. పెరడు ఆవిడది. ఆవిడ మాట కూడా మేపులో ఉండాల కదే."

బాటను మళ్ళీ గీసి, ఇది సొంత స్థలం, బళ్ళు రాకూడదు, అత్యవసరమైతే వెళ్ళవచ్చు అని దానికి గుర్తులు పెట్టాం. ఆ గుర్తులు చూసి అంబులెన్సు వాళ్ళకు మాత్రమే ఆ దారి చూపేలా యాప్‌ను మార్చడం నా వంతు. ఆ బృందం పెద్ద మాత్రం గొణిగాడు, ఎవరుపడితే వాళ్ళు మార్చే మ్యాపును నమ్మేదెలా అని. ఎవరైనా మార్చగలరు కాబట్టే ఆవిడ ఇబ్బంది మనకు తెలిసింది, లేకపోతే ఈపాటికి గోడ కట్టుకునేది అని పిన్ని నవ్వుతూ చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు.

వానల్లో రోడ్డు మునిగింది. ఊ తీన్‌కు ఊపిరి అందక అంబులెన్సును పిలిచిన మధ్యాహ్నం, స్ట్రెచర్ ఆ పెరట్లోంచే వెళ్ళి వచ్చింది. ఆయన ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇల్లు చేరాడని విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ వారమే అదే ఖాతా నుంచి బాట మీద ఇంకో మార్పు వచ్చింది. మళ్ళీ చెరిపేసిందనుకున్నాను. తెరిచి చూస్తే గీత చెక్కుచెదరలేదు. పెరటి మొదట్లో ఒక తలుపు గుర్తు కొత్తగా చేరింది, పక్కన బర్మీస్‌లో చిన్న వివరం: రోగి కోసమైతే గట్టిగా తట్టండి, నేను ఇంట్లోనే ఉంటాను.

పిన్ని అది రెండుసార్లు చదివింది. "ఆ దారికి మనం కాపలా కాయక్కర్నేదింక. అదిప్పుడు ఆవిడదే."

పిన్ని ఇప్పుడు లేదు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. నేను గీసినదాన్ని ఎవరైనా చెరిపితే ఇప్పటికీ నాకు ముందు వచ్చేది కోపమే. ఆ తర్వాత చెప్పులు వేసుకుని బయల్దేరతాను.