తిరగేసే మావయ్య కొన్న ప్యాంటు

బట్టల కొట్టుకెళ్ళిన మగాడు మామూలుగా ఏం చేస్తాడు? అద్దం ముందు నిలబడి, పొట్ట లోపలికి లాక్కుని, చొక్కా గుండెలకు ఆనించుకుని, "బానే ఉంది, ప్యాక్ చేసేయండి" అంటాడు. ఇంటికొచ్చాక పొట్ట బయటికొస్తుంది, బొత్తాం ఊడొస్తుంది. తిరగేసే మావయ్యకి ఈ జాతి మీద ఎంత జాలో అంత చిరాకు. ఆయన ఏ చొక్కా చేతికొచ్చినా ముందు దాన్ని తిరగేసి లోపలి కుట్లు చూసేవాడు. బయటివైపు సంగతి ఆ తర్వాతే. అందుకే చుట్టాలందరిలో ఆయనకా పేరు స్థిరపడిపోయింది. కొట్టువాళ్ళు కూడా చాటున అలాగే పిలిచేవాళ్ళు, ఎదురుగా మాత్రం "రండి సార్" అనేవాళ్ళు.

ఆయన చేసే పని ఫొటోలు తీయడం. వీధి మలుపులో చిన్న స్టూడియో. ముందు గదిలో బల్ల, దాని మీద కంప్యూటరు. వెనక గదిలో తెల్లగోడ, రెండు పెద్ద లైట్లు, ఒక స్టూలు. తలుపు వెనక మేకుకి ఒక కోటు వేలాడుతుండేది. కోటు లేకుండా ఫొటోకొచ్చిన వాళ్ళందరికీ అదే దిక్కు. బక్కవాళ్ళకి వీపు మీద మడతలు పెట్టి బట్టల క్లిప్పులు తగిలించేవాడు. లావువాళ్ళని బొత్తాలు వదిలేసి చేతులు కట్టుకోమనేవాడు. ముందు నుంచి చూస్తే ప్రతివాడూ జిల్లా అధికారిలా దర్జాగా ఉండేవాడు. వెనక నుంచి చూస్తే బట్టలారేసిన దండెంలా ఉండేవాడు. "బట్ట వెనక ఏం భాగోతం ఉంటుందో నాకు తెలిసినట్టు ఇంకొకడికి తెలీదు," అని ఆయన గొప్పలు పోయేవాడు.

గొప్పలకేం గానీ, మాటలో నిజం ఉంది. ఆయన బీరువా సగం ఖాళీ. ఉన్న ఆ కాసిని చొక్కాలూ ఏళ్ళ తరబడి కాలరు నలగకుండా నిలబడేవి. కొట్టులో గుడ్డని పిడికిట్లో నలిపి వదిలేవాడు. ముడతలు అలాగే ఉండిపోతే పెదవి విరిచేవాడు. గళ్ళ చొక్కా అయితే జేబు మీది గీత చొక్కా మీది గీతతో కలిసిందో లేదో చూసేవాడు. బెల్టుని వంచి చూసేవాడు. బూట్లు కొనాలంటే సాయంత్రమే వెళ్ళాలనేవాడు, పొద్దుట్నుంచీ తిరిగి తిరిగి కాళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి. ఇంత పరీక్షా అయ్యాక, "ఇంట్లో ఉన్నవాటిలో దేనిమీదికి వేస్తావురా ఇది?" అని అడిగేవాడు. నీళ్ళు నమిలితే ఆ చొక్కా మళ్ళీ అలమారలోకే. ఆఖరున, కొట్టులో దీపాల్ని నమ్మకూడదని, గుడ్డని గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండలో రంగు చూసేవాడు.

ఒకసారి బావమరిది తళతళలాడే చొక్కా ఒకటి తనంతట తనే కొనుక్కొచ్చి, "ఎలా ఉంది బావా?" అన్నాడు.

"బావుంది. కరెంటు పోయినప్పుడు వేసుకో," అన్నాడు మావయ్య.

అప్పట్నుంచీ బావమరిది చేతిరుమాలు కొనాలన్నా ఈయన్ని వెంటబెట్టుకునే వెళ్ళేవాడు.

అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక స్టూడియో గడప తొక్కేవాళ్ళు తగ్గిపోయారు. ఫొటో కోసం పిలిచేవాళ్ళు లేకపోయినా బట్టల కోసం పిలిచేవాళ్ళు మిగిలారు. "మావయ్యా, ఆదివారం ఖాళీయేనా?" అని ఫోను వస్తే చాలు, ఆయన తల దువ్వుకుని, బూట్లు మెరిపించుకుని, చెప్పిన టైముకన్నా ముందే వీధిలోకొచ్చి నిలబడేవాడు. ఆ పిలుపులే ఆయనకి టానిక్కు.

ఇలాంటి మనిషికి కళ్ళు మసకబారడం మొదలైంది. ముఖాలు కనిపిస్తున్నాయి, దారి కనిపిస్తోంది. ముదురు రంగులు మాత్రం అన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయి. నడుం నొప్పని సాకు చెప్పి కంప్యూటరు పని భార్యకి అప్పగించేశాడు. ఆవిడ నిజమేననుకుని నడుముకి కాపడం పెట్టేది, పాపం. డాక్టరు దగ్గరికి వెళ్తే నలుగురికీ తెలిసిపోతుందని ఆయన భయం. కళ్ళు కనపడనివాణ్ణి బట్టల కొట్టుకి ఎవరు తీసుకెళ్తారు? ఆ ఒక్క పిలుపూ పోతే తను ఇక ఎవరికీ అక్కర్లేదు. ఇంత చిన్న విషయానికి అంత బెంగా అని మనం అనుకోవచ్చు. ఆయనకది చిన్న విషయం కాదు.

అలాంటి రోజుల్లో మేనల్లుడికి ఉద్యోగం వచ్చింది. చెల్లెలి కొడుకు, నెమ్మదస్తుడు. మొదటిరోజు నల్ల కోటూ ప్యాంటూ వేసుకుని రమ్మన్నారట. వాడు నేరుగా మావయ్యకి ఫోన్ చేశాడు.

కోటు దగ్గర మావయ్య విశ్వరూపం చూపించాడు. తిరగేశాడు, అస్తరు లాగి చూశాడు, చంకల దగ్గర కుట్లు వేలితో తడిమాడు, వాడి చేతులు పైకెత్తించి కిందికి దింపించాడు. కోటు నిజంగానే మంచిది. దానికి జత ప్యాంటు వేరే అలమారలో దొరికింది. గుడ్డ బావుంది, నడుం దగ్గర వదులు చేసుకోవడానికి లోపల గుడ్డ కూడా వదిలారు. రెండూ పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఎండలో పక్కపక్కన పెట్టి, దగ్గరగా, ఇంకా దగ్గరగా చూశాడు.

"రెండూ నలుపే. అతికినట్టు సరిపోయాయి," అన్నాడు.

మేనల్లుడు ప్యాంటుని చూశాడు, కోటుని చూశాడు, మళ్ళీ ప్యాంటుని చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు. "సరే మావయ్యా," అన్నాడు.

ఉద్యోగంలో చేరేముందు రోజు వాడు ఆ బట్టలు వేసుకుని స్టూడియోకొచ్చాడు. చెల్లెలికి పంపాలి, తల నుంచి కాలి దాకా నిలువెత్తు ఫొటో తీయాలని మావయ్య పట్టుబట్టాడు మరి. క్లిప్పులతో పనిలేకుండా ఒంటికి సరిపోయిన కోటు! మావయ్య ఆనందానికి అవధుల్లేవు. వాణ్ణి ఇటు తిప్పి అటు తిప్పి ఫొటోలు తీశాడు. అత్తయ్య ముందు గదిలో వాటిని కంప్యూటర్లో తెరిచింది.

"ఇదేంటండీ," అందావిడ. "కోటేమో నల్లది, ప్యాంటేమో నీలం. ఎవరు కొన్నారిది?"

అత్తయ్య వెనక్కి తిరిగి భర్త ముఖం చూసింది, నాలిక్కరుచుకుంది. మావయ్య స్క్రీన్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఇంకా వంగాడు. ఆయనకి ఇప్పటికీ రెండూ ఒకేలా ఉన్నాయి. మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు.

"నీకు తెలుసా?" అని మేనల్లుణ్ణి అడిగాడు.

"తెలుసు మావయ్యా. కొట్టు గుమ్మం దగ్గరే నీలంగా కనిపించింది."

"మరి నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నావా? చెప్పొచ్చుగా!"

"నువ్వు నలుపన్నావు కదా." వాడు తల గోక్కున్నాడు. "నాకే కళ్ళు పాడయ్యాయేమో అనుకున్నాను. మొన్న వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాను కూడా."

"ఏమన్నాడు?"

"నిక్షేపంలా ఉన్నాయన్నాడు."

అత్తయ్య ఫక్కున నవ్వింది. మావయ్యకీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సొంత కళ్ళని అనుమానించాడు గానీ ఈ వెర్రివాడు మేనమామ మాటని అనుమానించలేదు. ఇంత నమ్మకం తన మీద ఈ లోకంలో ఒకడికి ఉందని ఆయనకి ఆ క్షణం దాకా తెలీదు.

"కొన్నాళ్ళుగా నాకు సరిగ్గా కనపడ్డం లేదురా," అన్నాడు చివరికి. "తెలిస్తే ఇంకెవరూ పిలవరని చెప్పలేదు."

"నడుం నొప్పి అన్నారు!" అంది అత్తయ్య.

"అదీ ఇందుకే."

"అయితే ఇన్నాళ్ళూ నేను కాపడం పెట్టింది దేనికండీ?"

"హాయిగా ఉండేది," అన్నాడు మావయ్య తల దించుకుని.

అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుంది. మేనల్లుడు ఆయన పక్కన గోడకానుకుని నిలబడ్డాడు.

"లే, కొట్టు తెరిచే ఉంటుంది," అన్నాడు మావయ్య. "ఈ ప్యాంటు మార్పించుకో. మీ అత్తయ్యని తీసుకెళ్ళు, ఆవిడ కళ్ళు బావున్నాయి."

"నేను వెళ్ళను. నీ కళ్ళు బాగయ్యాక ఇద్దరం వెళ్దాం. అప్పటిదాకా నేను ఏ బట్టల కొట్టులోనూ అడుగుపెట్టను. రేపు ఇలాగే పోతాను."

"ఇలాగా? ఆఫీసులో అందరూ నవ్వుతార్రా!"

"నవ్వనీ మావయ్యా. ఎవరు కొనిపెట్టారని అడిగితే మా మేనమామ అని చెప్తాను."

మావయ్య స్టూలు మీంచి దిగ్గున లేచాడు. "కొంపలు ముంచకురా నాయనా! ఏ డాక్టరు దగ్గరికెళ్ళావో చెప్పు, ఇప్పుడే పోదాం పద."