గాలి లేని సిలిండర్లు

బుడేన్ సాబ్ అగ్నిమాపక శాఖలో చేరి ముప్పై ఏళ్లు దాటింది. వాళ్ల నాయన విడపనకల్లులో పరుపులకు దూదేకేవాడు. కొడుకు ఖాకీ తొడుక్కొని ఇంటికొచ్చిన రోజు పనెగ్గొట్టి మరీ వీధంతా తిప్పి చూపించుకున్నాడు. ఆ రోజుల్లో శిక్షణంటే శిక్షణే. పొగ నింపిన గదిలోకి తోసి తలుపేసేవాళ్లు. గోడ తడుముకుంటూ అవతలి తలుపు వెతుక్కొని బయటపడాలి. ముక్కుల్లోంచి నల్లటి చీమిడి కారుతుంటే మొదటి వారంలోనే పారిపోదామనుకున్నాడు గానీ, నాయన మొహం గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఇప్పుడు యాభై ఏడేళ్లు. కర్ణాటక సరిహద్దు వైపు ఒక చిన్న స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మన్. కింద నలుగురు కుర్రవాళ్లు. వాళ్లలో దేవేంద్ర అనేవాడు చురుకైనవాడు, వచ్చి రెండేళ్లయింది. ఈ నలుగురిలో ఎవరూ పొగగది మొహం చూడలేదు. ఏడాదికోసారి సగంపూట క్లాసు, టీ, ఒక ఫొటో, రిజిస్టర్లో సంతకం. అంతటితో శిక్షణ పూర్తయినట్టే.

స్టేషన్లో అద్దాల బీరువా ఒకటుంది. అందులో రెండు గాలి సెట్లు. పొగలోకో విషగాలిలోకో దిగేటప్పుడు సిలిండర్ వీపుకు తగిలించుకొని, మాస్క్ మొహానికి బిగించుకోవాలి. సిలిండర్లో గాలి అయిపోతే అనంతపురం తీసుకెళ్లి నింపించాలి. అయిపోయి ఏడు నెలలైంది. బుడేన్ సాబ్ రెండుసార్లు కాగితం పెట్టాడు. "బండి ఖాళీ ల్యాదప్పా, సూద్దాంలే," అన్నాడు స్టేషన్ ఆఫీసర్ నరసింహులు రెండుసార్లూ. పరికరాల రిజిస్టర్ మాత్రం బుడేన్ సాబ్ చేతిలోనే ఉండేది. నెలనెలా "పరీక్షించడమైనది, పనిచేయుచున్నవి" అని రాసి సంతకం పెట్టేవాడు. మొదటి నెల చెయ్యి ఆగింది. రెండో నెల ఆగలేదు.

మార్చి ఆఖరున ఒక పొద్దున పది గంటలప్పుడు ఫోనొచ్చింది. ఐదు మైళ్ల దూరంలో తిప్పయ్య అనే రైతు చీనీ బత్తాయి చెట్లు ఎండిపోతున్నాయని, పదేళ్లుగా బండలు కప్పి ఉంచిన పాత బావిని మళ్లీ తవ్వించుకుందామనుకున్నాడు. బండలు తీసి, అడుగున ఎంత పూడికుందో చూడటానికి తాడు పట్టుకొని దిగాడు. అడుగుకు చేరి ఒక్క కేక వేసి కూలబడిపోయాడు. గట్టు మీద భార్య హనుమంతమ్మ పిలుస్తూనే ఉంది. పలుకు లేదు.

ఫైర్ ఇంజన్ వెళ్లేసరికి ఊరంతా బావి చుట్టూ ఉంది. దేవేంద్ర ఒక్క దూకున బండి దిగి గాలి సెట్టు తగిలించుకున్నాడు. వాల్వు తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

"అన్నా, మీటరు ముల్లు కదలడంల్యా."

రెండో దానిదీ అదే కథ. జనంలోంచి ఎవరో అన్నారు: "ఏమప్పా, అలంకారానికి తెచ్చినారా దాన్ని?"

దేవేంద్ర సెట్టు విసిరేసి, తువాలు తడిపి ముక్కుకు కట్టుకున్నాడు. "నేను దిగుతా అన్నా. రెండే నిమిషాలు."

బుడేన్ సాబ్ వాడి కాలరు పట్టుకున్నాడు. "తడిగుడ్డ పొగకే అంతంతమాత్రం. ఆడ పీల్చుకునేకి గాలే ల్యాదు. నువ్వు దిగితే ఇద్దర్ని తీయాల నేను."

లాంతరు వెలిగించి తాడుతో దింపించాడు. మూడు నిలువుల లోతుకల్లా ఆరిపోయింది. జనం తిట్లకు దిగారు. పిరికినాయాళ్లన్నారు, జీతాలు తినేకి వచ్చినారన్నారు. అతను చెవిన పెట్టలేదు. పక్క చేలో ఓబులేష్ అనే అతను కంప్రెసర్ ట్రాక్టర్‌తో బావి బండ కొట్టిస్తున్నాడు. ఆ ట్రాక్టర్ రప్పించి, పొగ బావివైపు రాకుండా గాలికి అవతల నిలబెట్టి, గొట్టం అడుగుదాకా దింపి గాలి కొట్టించాడు. పది నిమిషాలయ్యాక లాంతరు ఆరకుండా నిలిచింది. అప్పుడు నడుముకు తాడు కట్టుకొని తనే దిగాడు. తిప్పయ్యను తాడుకు కట్టి పైకి పంపించాడు.

అతను పైకొచ్చేసరికి అంబులెన్స్ వాళ్లు నాడి చూసి తల అడ్డంగా ఊపేశారు. హనుమంతమ్మ నిలబడి, గాలి సెట్టును, బుడేన్ సాబ్‌ను మార్చి మార్చి చూసింది. అతని బూట్ల మీద ఉమ్మింది. అతను తుడుచుకోలేదు.

ఆ మధ్యాహ్నం నరసింహులు రిపోర్టు చెప్పి రాయించాడు: "సిబ్బంది చేరుకొనేసరికే సదరు వ్యక్తి మరణించియుండెను." సిలిండర్ల మాటే లేదు. కింద సంతకం పెట్టమని చూపుడువేలితో తట్టాడు. బుడేన్ సాబ్ పెట్టాడు. ఇంటికెళ్లి సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కున్నాడు. పెళ్లాం మాబీ ముందు పెట్టిన ముద్దను కెలికి వదిలేశాడు.

ఏప్రిల్లో అగ్నిమాపక వారోత్సవాలొచ్చాయి. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. బడిపిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు. దేవేంద్ర చేత అదే ఖాళీ సిలిండరు మోయించి, గొట్టం తగిలించకుండా మాస్క్ పెట్టించారు. నరసింహులు మైకు పట్టుకొని, ఎంతటి విషవాయువులోకైనా దిగగల ఆధునిక పరికరాలు మన దగ్గరున్నాయన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్క్ అద్దం వెనక దేవేంద్ర కళ్లు బుడేన్ సాబ్ వైపే చూస్తున్నాయి. బుడేన్ సాబ్ ఇంజన్ వెనక్కి వెళ్లి, పొద్దున తాగిన టీ మొత్తం కక్కేశాడు.

అటునుంచటే తన మోటారుసైకిలేసుకొని తిప్పయ్య ఇంటికి పోయాడు. హనుమంతమ్మ వాకిట్లో చింతపండు కొడుతోంది. అతన్ని చూసి కొట్టడం ఆపింది గానీ కూర్చోమనలేదు.

"అమ్మా, ఆ పొద్దు సిలిండర్లలో గాలి ల్యాదు. ఏడు నెల్లనుంచీ ల్యాదు. ఉండాదని రాసి సంతకం పెట్టినోన్ని నేనే."

ఆమె చేతిలోని కర్ర కింద పెట్టింది. "గాలి ఉంటే బతికేవాడా?"

"తెలీదమ్మా. పదిహేను నిమిషాలు ముందుగా తీసేవాళ్లం."

"ఈ మాట నాకు చెప్పి నీ కడుపు చల్లగా చేసుకునేకి వచ్చినావా?" అంది. "నేనేం జేసుకోవాల దీన్ని? పో. చెప్పాల్సినోళ్లకు చెప్పు పో."

చెంప మీద కొట్టినట్టయింది. నిజమే, అందుకే వచ్చాడు తను. తన మీద తనకే రోత పుట్టింది.

స్టేషన్‌కొచ్చి రిజిస్టర్ తీశాడు. ఏప్రిల్ నెల గడిలో రాశాడు: "రెండు సిలిండర్లు ఖాళీ. ఏడు నెలలుగా ఖాళీ. పనిచేయుచున్నవని ఇంతకుముందు నేను వ్రాసినది అబద్ధము." ఆ పేజీని జిరాక్స్ తీయించి, బావి దగ్గర జరిగిందంతా రాసి జతచేసి, పైఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపించాడు.

నరసింహులుకు మూడోరోజు తెలిసింది. "ఏం సాబ్, పిచ్చి పట్టిందా? పోయేది నువ్వే. సంతకాలన్నీ నీవే గదా!"

"అవును సార్. నావే."

విచారణకు ఎవరూ రాకముందే, సోమవారం పొద్దున సిలిండర్లు జీపెక్కాయి. దేవేంద్రే తీసుకెళ్లాడు. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా వెనక్కొచ్చాడు.

"నింపేకి ఎంతసేపు పట్టింది రా?"

"ఇరవై నిమిషాలు గూడ పట్టలేదన్నా."

బుడేన్ సాబ్ క్యారియర్ మూత పెట్టేశాడు. ఇరవై నిమిషాల పని. ఏడు నెలలు. ఒక మనిషి.

విచారణకు వచ్చిన ఆఫీసరు అద్దాల బీరువా ముందు నిలబడి ఫొటో దిగి వెళ్లాడు. తప్పుడు రాతలు రాసినందుకు బుడేన్ సాబ్ ఒక్కడికే మెమో వచ్చింది. దాంతోపాటే జిల్లాకు ఆ కొసన ఉన్న స్టేషన్‌కు బదిలీ. నరసింహులును ఎవరూ ఏమీ అనలేదు.

"నిజం చెప్పినందుకా ఇది?" అంది మాబీ, సామాను కడుతూ.

"కాదు. ముందు చెప్పనందుకు. అది నాయమే. ఇంకోడికి మెమో రాలేదే, అది నాయం గాదు."

బదిలీకి మూడు వారాల గడువుంది. ఆ మూడు వారాలూ పొద్దున్నే నలుగుర్నీ లేపి, పాత గ్యారేజీ కిటికీలకు గోనెలు కట్టి, తడి గడ్డి పొగపెట్టి లోపలికి తోశాడు. దేవేంద్ర మొదటిరోజు మాస్క్ బిగించుకోవడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. చివరి రోజు నిమిషం లోపే. నలుగురూ దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటపడుతుంటే, వీళ్లకిది రెండేళ్ల ముందే చేయాల్సింది గదా అని అతను లోలోపలే తిట్టుకున్నాడు.

వెళ్లే రోజు నరసింహులు శాలువా తెచ్చాడు, ఫొటోకు మనిషిని పిలిచాడు. బుడేన్ సాబ్ ఆ శాలువా కప్పించుకోలేదు.

"వొద్దు సార్, ఉబ్బరంగా ఉండాది," అని పెట్టె అందుకొని, స్టేషన్ కుర్రవాళ్లు నలుగురితో కలిసి బస్టాండుకు నడిచాడు.