అచ్యుత్ గారి డెబ్బై పౌన్ల విల్లు

విదేశంలో మిల్టన్‌ అనే ఊళ్లో ఉండే అచ్యుత్ గారు యాభై రెండేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. జింక వేటకు లైసెన్సు తీసుకుని, విల్లు కొనడానికి ఊరి చివర దుకాణానికి వెళ్లారు. 2022లో ఏ దుకాణంలో చూసినా మన పిల్లలే పార్ట్‌టైమ్ చేస్తుండేవారు. ఇక్కడ కౌంటర్ దగ్గర కరీంనగర్ నుంచి చదువుకు వచ్చిన వర్షిణి ఉంది.

"నారి లాగడానికి డెబ్బై పౌన్ల బలం పట్టేది ఇవ్వమ్మా," అన్నారాయన దర్జాగా.

తీరా నారి లాగబోతే విల్లు పైకప్పు వైపు లేచింది, ముఖం కందగడ్డయింది, చొక్కా గుండీ ఒకటి తెగి కౌంటర్ మీద పడింది. నారి మాత్రం సగం కూడా రాలేదు.

వర్షిణి నవ్వు ఆపుకుంది. "యాభై పౌన్లు చాలు అంకుల్. బాణం కొంచెం బరువుండాలె, మొన బ్లేడు లెక్కుండాలె. ఇరవై గజాల లోపల పక్కనుంచి కొడితే ఊపిరితిత్తులు దాటి పోతది. వణికే చేత్తోని కొడితే పాపం, జింక గాయంతోని తిరుగుతది."

రోషం వచ్చినా ఆయన యాభైదే కొన్నారు. వేసవంతా పెరట్లో సాధన చేశారు. నవంబరులో ఒక జింక నలభై గజాల్లో నిలబడితే దూరమని వదిలేశారు. ఇంకోటి పదిహేను గజాల్లోకి వచ్చింది. బాణం దాని ఒంట్లోంచి దూసుకుపోయి అవతల నేలలో దిగింది. జింక కాస్త దూరం పరుగెత్తి ఒరిగిపోయింది. ఆయన టోపీ తీసి దాని పక్కన కూర్చున్నారు.

తర్వాతి శనివారం జింక మాంసం వేపుడు డబ్బాతో దుకాణానికి వెళ్లారు.

"మొదటి ముద్ద నీదేనమ్మా!"

వర్షిణి రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, నేను వెజ్ అంకుల్! గుడ్డు కూడా ముట్ట!"