ముల్లు నిలిచేదాకా

నంద్యాల సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మోత ఒక్కసారిగా బరువెక్కిందంటే నాకు ముందు గుర్తొచ్చేది డిప్లొమాలో చదివిన సూత్రం కాదు, ఆళ్లగడ్డలో నాతో పనిచేసిన ఆపరేటర్ దావీదు గారి గొంతు.

ఎనభైల మొదట్లో, నేను చేరిన నెలలోనే, వేసవి గాలివానకు లైను తెగి ఊళ్లకు కరెంటు మోసే నాలుగు ఫీడర్లూ ఆగిపోయాయి. మర్నాడు మధ్యాహ్నానికి లైను బాగయింది. నాలుగింటినీ వెంటవెంటనే వేశాను. వోల్టుమీటరు ముల్లు జారిపోయి అంతా ట్రిప్పయింది. మళ్లీ వేశాను, మళ్లీ పడింది. రిలే, ఆయిల్ మట్టం, ఫ్యూజులు, బ్యాటరీ ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టుకున్నాను. తప్పు దొరకలేదు. మూడోసారి హ్యాండిల్ మీద చెయ్యి వేసేసరికి దావీదు గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"తప్పు ఈడ లేదు సార్, చేన్లల్లో ఉంది. స్టార్టర్లకు పుల్లలు దోపి పోయినారు. కరెంటు రాంగానే మోటార్లన్నీ ఒక్కపారే లేస్తాండాయి. ముల్లు యాడ నిలుస్తాది?"

కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక, బావి దగ్గర కాపలా ఉండలేక, మోటారు స్టార్టరు మీట పైకి లేవకుండా పుల్ల అడ్డం పెట్టి రైతులు చేసుకున్న ఉపాయమది. నా పుస్తకాల్లో లేదు. మాకున్నది ఒక్కటే ట్రాన్స్‌ఫార్మర్. అది కాలితే పొట్టమీదున్న వరి ఎండిపోవలసిందే.

అప్పటికే గేటు దగ్గర పదిమంది చేరారు. శిరివెళ్ల రైతు ఓబులేసు కేకేశాడు.

"ఏందప్పా దావీదూ, నిద్రపోతాండారా? కరెంటు ఇడువు!"

"ఇడుస్తా. నీ స్టార్టర్లో పుల్ల ఎవరు తీస్తారు, మీ మామనా?"

అందరూ నవ్వారు, ఓబులేసు తప్ప. "చేను ఎండుతాంటే నీకు ఎగతాళిగా ఉందా?"

"మా అన్న చేనుండే లైను కడాకు ఏస్తా. నీది ముందు. పో, మీ ఊర్లో పుల్లలు పెరికిచ్చి రాపో."

ఓబులేసు సైకిలెక్కాడు. మిగతావాళ్లూ తలో ఊరికి కదిలారు.

ఓబులేసు తిరిగొచ్చాక మొదటి ఫీడరు వేశాం. ముల్లు దిగి, వణికింది. నా చెయ్యి రెండోదాని మీదికి పోయింది.

"ఉండు సార్. నిలవనీ."

నిలిచింది. అప్పుడే రెండోది వేయనిచ్చారు. గేటు అవతల తిట్లు వినబడుతున్నా ఆయన ముల్లు మీదనుంచి కన్ను తిప్పలేదు. నాలుగోది వేసేసరికి పొద్దు వాలింది. ముల్లు కాస్త కిందనే, కానీ కదలకుండా ఉంది.

మరుసటిరోజు దావీదు గారి అన్న వచ్చాడు. నాతో మాట్లాడి, తమ్ముడి మొహం చూడకుండా వెళ్లిపోయాడు. దావీదు గారు తలవంచుకొని లాగ్‌బుక్కు రాసుకున్నారు.

ఇప్పుడు నంద్యాలలో లైన్లు పడిపోయినప్పుడల్లా ఫీడర్ల వరస కాగితం మీద నేనే రాస్తాను. అన్నిటికన్నా ముందు చివరి స్థానం నింపుతాను, అక్కడ మా క్వార్టర్సుండే లైను రాస్తాను. ఇంట్లో మాత్రం, అందరి ఫ్యాన్లూ తిరిగాక మనది తిరగడమేమిటని మా ఆవిడ అడిగితే, తలవంచుకోవడమొక్కటే నాకు తెలిసిన జవాబు.